కీటో సారు ప్లేటు

కొత్తగా డైటీషియన్లయిన పిల్లలు అప్పుడప్పుడు నల్లగండ్లలో మా ఇంటికి వస్తుంటారు. లిఫ్టు పనిచేస్తున్న రోజు కనుక్కుని మరీ వస్తారు. కాఫీ చేతికందగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా తిప్పలు పెట్టిన పేషెంటు ఎవరు?" దొంగతనంగా బిర్యానీ తిని దొరికిపోయినవాడి కథ చెబుతానని వాళ్ల ఆశ.

అబద్ధాలు చెప్పేవాళ్లతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. అది మన వృత్తిలో మొదటి ఏడాదే పట్టుబడే విద్య. స్వీటు ఒక్కటే తిన్నానంటే రెండని రాసుకోవాలి. రోజూ నడుస్తున్నానంటే నడుద్దామనుకుంటున్నారని రాసుకోవాలి. లెక్క సరిపోతుంది. నన్ను తిప్పలు పెట్టింది ఒక నిజాయితీపరుడు. తిన్నది తిన్నట్టు చెప్పే మనిషి. అలాంటివాళ్లకు వైద్యం చేయడం మాకెవరూ నేర్పలేదు.

హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీ క్యాంపసులో నా ఉద్యోగం. జిమ్ముకీ ఏటీఎంకీ మధ్య నాకొక చిన్న గది ఇచ్చారు. అంతకుముందు అందులో పాడైన ప్రింటర్లు పెట్టేవారట. తలుపు మీద 'వెల్‌నెస్' అని రాయించారు. లోపల నేనూ, బరువు తూచే యంత్రమూ, ఒక బుట్ట ప్లాస్టిక్ పండ్లూ ఉండేవాళ్లం. ఆ పండ్లలో ఆపిల్ మీద పంటిగాట్లుండేవి. ఎవరివని నేను విచారించలేదు. ఆకలి మీద ఉన్నవాళ్లే నా దగ్గరకి వచ్చేవారు కదా.

ఆ క్యాంపసులో కులం, ప్రాంతం ఎవరూ పట్టించుకునేవారు కాదు. డైటు మాత్రం పట్టించుకునేవారు. గుడ్డులో తెల్లసొన మాత్రమే తినే శాఖ ఒకటి, నూనె ముట్టని శాఖ ఒకటి, సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఆ తర్వాత అన్నీ తినే శాఖ ఒకటి. ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒకరి ప్లేటును ఒకరు జాలిగా చూసుకునేవారు.

మన కథలోని మనిషి అక్కడొక మేనేజరు. అనంతపురం వైపు ఆయన, మణికొండలో కాపురం, నలభై దాటాయి. ఆయనది కీటో శాఖ. అంటే అన్నం, రొట్టె, పప్పు లాంటి పిండిపదార్థాలను దాదాపు మానేసి, కొవ్వు మీద బతకడం. ఆయన అందులోకి సరదాకి రాలేదు, భయపడి వచ్చారు. వాళ్ల నాన్నగారికి షుగరు. పాదం మీద లేచిన చిన్న పుండు మానక, పైకి పాకి, చివరికి మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. ఆపరేషనుకు సంతకం పెట్టింది ఈయనే. ఆ తర్వాత కొద్ది కాలానికే ఈయన షుగరు కూడా గీత దగ్గరకి వచ్చి నిలబడింది.

"మా నాయన ఆస్తిలో నాకు ఇదొక్కటీ వద్దనుకుంటి మేడమ్," అన్నారు నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు.

వద్దనుకుని, అన్నం, చపాతీ, రాగి సంగటి ఒక్క పూటలో మానేశారు. సంగటి మానేసిన రాయలసీమ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఊరగాయలో ఉప్పు మానేసినంత పని అది. కానీ ఫలితం కూడా అలాగే వచ్చింది. షుగరు కిందికి దిగింది. బొజ్జ లోపలికి పోయింది. బెల్టుకు ఆయనే కొత్త బెజ్జాలు పొడుచుకున్నారు. ఇంకేముంది, మీటింగు మొదలయ్యే ముందు వాతావరణం గురించి మాట్లాడినట్టు వెన్న గురించి మాట్లాడేవారు.

రోజూ పొద్దున పాంట్రీకి వెళ్లి బ్లాక్ కాఫీలో వెన్నముద్ద వేయించుకునేవారు. ఆ పాంట్రీ చూసుకునే అక్కది గోపన్‌పల్లి. ఊరంతా అపార్ట్‌మెంట్లయినా ఆమె మాట మారలేదు. ఒకరోజు నేను వేణ్ణీళ్ల కోసం వెళ్తే, కప్పు మీద తేలుతున్న వెన్నను చూస్తూ ఆయన్ని అడుగుతోంది.

"గిదేంది సారూ, కాపీనా దీపమా? జర వత్తి ఏస్తే పొద్దుగూకే దాంక ఎలుగుతది."

"నవ్వుకో అక్కా. నా షుగర్ రిపోర్టు చూస్తే నువ్వు గూడా ఇదే తాగుతావు."

"నాకెందుకు సారూ, మా ఇంట్ల కరెంటున్నది."

అంతా ఇలా సరదాగా సాగుతుండగా ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలు వచ్చాయి. షుగరు బాగుంది. కొలెస్ట్రాల్, అందులోనూ గుండె రక్తనాళాలకు పూత పూసే చెడ్డ రకం, ఎక్కడో కొండ మీద కూర్చుంది. మా క్యాంపసు క్లినిక్కుకు వారానికోసారి వచ్చే డాక్టరుగారు మితభాషి. ఆ కాగితాన్ని ఒకసారి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నన్ను కూడా కూర్చోబెట్టారు.

"షుగరు బంగారంలా ఉందండి," అన్నారు. మేనేజరు నావైపు గర్వంగా చూశారు. "గుండె సంగతే చూసుకోవాలి. ఈ డైటు మానండి. మానలేకపోతే అందులో కొవ్వు రకం మార్చండి. మూడు నెలల్లో మళ్లీ చూద్దాం. అప్పటికీ దిగకపోతే మాత్ర వేసుకోవాలండి."

"మాత్ర వద్దు సార్."

"ఎందుకండి?"

"మా నాయన మాత్రలు చూసినా సార్. ఒకదానితోనే మొదలుపెట్టినాడు. చివరికి ఆదివారం, సోమవారం అని గళ్లుండే డబ్బా కొనాల్సి వచ్చింది."

డాక్టరుగారు కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు. ఆయన సొంత డబ్బా గుర్తొచ్చి ఉంటుంది.

బయటికి వచ్చాక మేనేజరు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. ప్లాస్టిక్ ఆపిల్ చేతిలోకి తీసుకుని తిప్పుతూ అన్నారు: "కీటో మానేస్తే కాలు పోతాది. మానకపోతే గుండె పోతాది. ఏది ఉంచుకోమంటారో మీరే చెప్పండి మేడమ్."

నా సర్వీసులో అప్పటిదాకా నన్నెవరూ అవయవాలు ఎంచి పెట్టమని అడగలేదు. ఏదో తేలిక మాట అందామనుకున్నాను. ఆయన ఆపిల్ వైపే చూస్తున్నారు.

సాఫ్ట్‌వేరువాళ్లకు ఒక మంచి అలవాటుంది. పనిలో ఏదైనా పెద్దది చెడిపోతే, ఎవరినీ తిట్టకుండా అందరూ ఒక గదిలో కూర్చుని, ఎందుకు చెడిందో బోర్డు మీద రాస్తారు. వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ 'ఎందుకు' అని అడుగుతారు. అలా అయిదుసార్లు అడిగితే మూలకారణం దొరుకుతుందని వాళ్ల నమ్మకం. మర్నాడు నాకొక మీటింగు పిలుపు వచ్చింది. విషయం: 'కొలెస్ట్రాల్ పెరుగుదల, మూలకారణం.' తీవ్రత: అత్యధికం.

వెళ్లేసరికి బోర్డు మీద అయిదు 'ఎందుకు'లు రాసి ఉన్నాయి. మేనేజరు చేతిలో పెన్ను. ఆయన టీములో ఇద్దరు కూడా వచ్చారు. ఒకడు జిమ్ము కుర్రాడు, వరంగల్ వాడు. కండలు పెంచుతున్నాడు కాబట్టి చొక్కాలు చిన్నవి కొనేవాడు. రెండోది భీమవరం అమ్మాయి, నూనె ముట్టని శాఖ.

"సార్, సీదా రోల్‌బ్యాక్ చేద్దాం," అన్నాడు కుర్రాడు. అంటే చేసిన మార్పు తీసేసి పాత పద్ధతికి పోవడం. మన భాషలో, అన్నం తినడం.

"రోల్‌బ్యాక్ చేస్తే షుగరొస్తాది. ఇట్లే ముందుకు పోవల్ల," అన్నారు మేనేజరు.

ముందుకు పోయే దారి నేను చెప్పాను. పిండిపదార్థాలు తక్కువగానే ఉంచుదాం. నెయ్యి, వెన్న, చీజు, కొబ్బరినూనె తగ్గించేద్దాం. వాటి బదులు కొంచెం వేరుశనగ నూనె, చేపలు, గుప్పెడు పల్లీలో బాదమో, అవిసె గింజల పొడి, ఆకుకూరలు, చిక్కుళ్లు. కాఫీలో వెన్నముద్ద రద్దు. గుడ్లు రోజుకు రెండు. ఆయన అన్నీ బోర్డు మీద ఎక్కించి, కింద గీత గీశారు. ఆ మధ్యాహ్నమే ఇంటికి ఫోను చేసి నెయ్యి డబ్బా దాచేయమన్నారు.

నేను చెప్పినట్టే ఆయన చేశారు. ఈ మాట నేను ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అనలేదు. ఎందుకంటే మనసాగక గడువుకు ముందే ఒకసారి రక్తం ఇచ్చి వచ్చారు. కొలెస్ట్రాల్ దిగింది. దిగడం అనే మాటకు బాధ కలగకుండా చెప్పాలంటే, మెట్టు మీద కొంచెం సర్దుకుని కూర్చుంది.

నేను మన విద్య ప్రయోగించాను. పెళ్లిళ్లేమైనా ఉన్నాయా? లేవు. ప్రయాణాలు? లేవు. పోనీ ఆదివారాలు? ఆదివారం నాటుకోడి పులుసు కూడా నూనె కొలిచి చేస్తున్నారట. నేను తల ఊపుతూ మనసులో అన్నిటినీ రెట్టింపు చేసుకుంటున్నానని ఆయన కనిపెట్టారు.

"నేను రిలీజు తేదీ గురించి అబద్ధం చెప్తానేమో గానీ మేడమ్, తిండి గురించి చెప్పను," అని, భార్యకు ఫోను కలిపి నా చేతిలో పెట్టారు.

"నమస్తే మేడమ్," అందామె. "నెయ్యి నేనే దాచినా. ఎంత బాగా దాచినానంటే, పిల్లోళ్లకు ఏద్దామంటే నాకే దొరకలే."

సాక్ష్యం బలంగా ఉంది. డాక్టరుగారు కూడా కొందరి ఒంటితీరే అంత అన్నారు. గడువు నాటికీ ఇలాగే ఉంటే మాత్ర తప్పదన్నారు. మేనేజరు ఆ రోజు నాతో అన్న మాట మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"మాత్ర వేసుకోవడమే అయితే సంగటి గూడా మొదలుపెడతా మేడమ్. ఇంత కడుపు కట్టుకుని ఏం సాధించినట్ల? రెండు పక్కలా కాపలా కాసేది నాతో కాదు."

పంతం పట్టిన మనిషి విసిగితే ఎలా తింటాడో నేను చూసి ఉన్నాను. సంగటి దగ్గర ఆగదు. వాళ్ల నాన్న కాలు వెళ్లిన దారే అది.

మన వృత్తిలో ఒక లోపం ఉంది పిల్లలూ. తిండి గురించి అన్నీ అడుగుతాం, తినేటప్పుడు పక్కన కూర్చోం. నేను కూడా అన్నేళ్లూ ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా నా గదిలో ప్లాస్టిక్ పండ్ల ముందు కూర్చుని తినేదాన్ని. ఒకరోజు పొద్దున మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. శాస్త్రంలో చాలా విషయాలు ఇలాగే బయటపడి ఉంటాయని నా అనుమానం. క్యాంటీనుకు వెళ్లి ఇడ్లీ తీసుకున్నాను. మేనేజరు టీము కూర్చున్న టేబుల్ దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

"రాండి మేడమ్. ఇన్‌స్పెక్షనా?" అన్నారాయన.

"ఇడ్లీ," అన్నాను.

ఆయన ప్లేటు చూశాను. రెండు గుడ్ల ఆమ్లెట్టు, అందులో మెంతికూర, పక్కన కీర ముక్కలు. నేను బోర్డు మీద రాయించినదే. అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇడ్లీ తుంచుకుంటున్నాను.

పక్కన జిమ్ము కుర్రాడు ఉడికిన గుడ్లు తెచ్చుకున్నాడు. ఒక్కోదాన్నీ సగానికి విడదీసి, తెల్లసొన నోట్లో వేసుకుని, పచ్చసొనను మేనేజరు ప్లేటులోకి జార్చాడు. చూడకుండానే జార్చాడు. మాట కూడా ఆపలేదు. కస్టమరు అడిగిన మార్పు ఎందుకు కుదరదో చెబుతున్నాడు. మేనేజరు కూడా చూడకుండానే తిన్నారు. ఎందుకు కుదరాలో చెబుతున్నారు. అవతల భీమవరం అమ్మాయి శాండ్‌విచ్ విప్పి, చీజు పొరను కాగితంలా ఒలిచి అదే ప్లేటులో పెట్టింది. ఆ తర్వాత ఎవరిదో దోసె మీది వెన్న వచ్చింది. టేబుల్ చుట్టూ అన్ని శాఖలవాళ్లూ తమకు నిషిద్ధమైన దాన్ని భక్తిగా ఒకే చోట సమర్పిస్తున్నారు. వాలు ఎటుంటే నీళ్లు అటు చేరినట్టు, ఆ టేబుల్ మీది కొవ్వంతా ఆయన దగ్గరికి చేరుతోంది. అవన్నీ మాయమైపోతున్నాయి. పని గురించిన చర్చ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

నేను ఇడ్లీ పక్కన పెట్టాను.

"సార్, ఈ ప్లేటులో మీది ఎంత?"

ఆయన తలెత్తారు. "రెండు గుడ్లు మేడమ్. మీరు చెప్పినట్లే."

"ఆ పచ్చసొనలు?"

"అవి వాళ్లవి గదా."

ఆయన కళ్లల్లోకి చూశాను. దాపరికం ఏమీ లేదు. కోర్టులో అడిగినా అదే చెప్పేవారు. పక్కవాళ్ల ప్లేటులోంచి వచ్చినదానికి కొవ్వు ఉండదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. పిల్లలు వదిలేసిన పెరుగన్నమంతా తినేసి 'నేనింకా ఏమీ తినలేదు' అనే అమ్మలందరిదీ ఇదే శాస్త్రం.

"మధ్యాహ్నం కూడా ఇలాగేనా?" అని టేబులంతటినీ అడిగాను.

"మధ్యాహ్నం చికెన్ స్కిన్ అండి," అంది భీమవరం అమ్మాయి, చాలా మర్యాదగా. "సాయంత్రం పనీర్ పకోడీ తెచ్చుకుంటే ఇంకా ఈజీ అండి. పైన పిండి వీళ్లకి, లోపల పనీర్ సార్‌కి."

"బోర్డు మీద వెన్న, చీజు వద్దని రాసుకున్నాం కదమ్మా. నువ్వూ ఉన్నావు."

"అది సార్ కొనుక్కునే వాటి గురించి అనుకున్నానండి."

"కీటో అంటే కొవ్వు కావాలె గద మేడమ్," అన్నాడు జిమ్ము కుర్రాడు. "మేమేమో తినం. పారేసుడెందుకు, సార్‌కన్న పనికొస్తదని." అని, కొంచెం ఆగి, నెమ్మదిగా అన్నాడు: "సార్ సంగటి బంద్ చేసినంక పాపం అనిపించింది."

అదీ సంగతి. పిల్లలు ఆయనకు ప్రేమ పెడుతున్నారు. పెట్టిన ప్రేమ నేరుగా రక్తనాళాల్లోకి వెళ్తోంది.

"వద్దనొచ్చు కదా సార్?" అన్నాను.

మేనేజరు ఫోర్కు కింద పెట్టారు. "మా ఇంట్ల కంచంలో వదిలేస్తే మా నాయన ఏమీ అనేటోడు కాదు మేడమ్. తిట్టేటోడు గూడా కాదు. ఆ వదిలింది తనే తినేటోడు. మూడేండ్లు వాన లేని ఊరు. పారేసేది అనే మాటే రాదు నాకు. పిల్లోళ్లు పక్కకు పెడితే చెయ్యి దానంతట అదే పోతాది."

ఆస్తి వద్దు వద్దంటూనే ఆయన ఎప్పుడో పుచ్చుకున్నారన్నమాట. ఆ మాట పైకి అనలేదు. ఆయనకే తోచినట్టుంది. తన ప్లేటును పరాయివాళ్లది చూసినట్టు చూశారు. అయిదు 'ఎందుకు'లతో ఆగకుండా ఆరోది కూడా అడిగి ఉండాల్సింది.

ఆ రోజు నుంచి టేబుల్ దగ్గర ఒక చట్టం వచ్చింది: ఎవరి సొన వాళ్లదే. క్యాంటీనువాళ్లకు చెప్పి తెల్లసొన ఆమ్లెట్టు విడిగా వేయించే ఏర్పాటు చేశాను. చికెన్ స్కిన్ వద్దనుకునేవాళ్లు అది ముందే తీసేసిన ముక్కలు అడిగి తెచ్చుకునేవారు. మొదట్లో టేబుల్ బోసిపోయింది. చేతులు అలవాటుగా సారు ప్లేటు దాకా వెళ్లి, గాల్లో ఆగి, వెనక్కి వచ్చేవి. ఒకరికొకరు ఏదో అన్యాయం చేసుకున్నట్టు మొహాలు పెట్టేవారు. వారం తిరక్కుండానే ఆ పిల్లలు కొత్త దారి కనిపెట్టారు. కీర ముక్కలు, చిక్కుళ్లు, పల్లీలు జార్చడం మొదలుపెట్టారు.

"ప్రేమ తగ్గలే మేడమ్," అన్నారు మేనేజరు నా గదికి వచ్చి. "రుచే తగ్గిండాది."

గడువు నాటికి కొలెస్ట్రాల్ బాగా దిగింది. మొత్తం దిగలేదు. కొంత ఆయన ఒంటితీరు కూడా ఉందని డాక్టరుగారు అన్నారు. చిన్న మాత్ర ఒకటి రాశారు. కీటోను కాస్త సడలించి, కొలతగా పప్పు, ఆదివారం పిడికెడు సంగటి తినొచ్చనీ, షుగరు మాత్రం క్రమం తప్పక చూపించుకోవాలనీ చెప్పారు. మేనేజరు ఆ చీటీ పట్టుకుని నా దగ్గరకి వచ్చారు.

"మాత్ర రాసినారంటే ఓడిపోయినట్లే గదా మేడమ్?"

"రెండు కాళ్లూ, ఒక గుండే మీ దగ్గరే ఉన్నాయి సార్. ఓడిపోతే ఏదో ఒకటి తీసుకుపోయేవాళ్లు."

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. మాత్ర వేసుకున్నారు. షుగరు గీత దాటలేదు. ఆ రిపోర్టు వచ్చిన మర్నాడు పాంట్రీలో అక్క ఆయనకు వెన్న లేని కాఫీ ఇస్తూ, "ఇగ ఫికర్ లేదు సారూ, అగ్గిపుల్ల దగ్గర పెట్టినా ఏం గాదు," అందని విన్నాను.

ఈ కథ చెప్పాక పిల్లలు నోటు పుస్తకాలు తీస్తారు. ఏ నూనె ఎంత, ఏ గింజలు ఎన్ని అని అడుగుతారు. అవన్నీ వాళ్ల పుస్తకాల్లో నాకన్నా బాగా రాసి ఉంటాయి. ఏం తిన్నారని ఎలాగూ అడుగుతారు, ఎవరితో తిన్నారని కూడా అడగమంటాను. వాళ్లు అది రాసుకోరు. అంత చిన్న విషయం రాసుకునేదేముందని కాబోలు.

నా పదవీ విరమణ రోజున ఆ టీమే పెద్ద కేకు తెప్పించింది. నేను కోశాను. ముక్కలు పంచారు. జిమ్ము కుర్రాడు తన ముక్క మీది క్రీము గీకి నా ప్లేటులో వేశాడు. "మీకు డైటేం లేదు గద మేడమ్," అన్నాడు. భీమవరం అమ్మాయి కూడా వేసింది. ఆ తర్వాత ఇంకెవరెవరో వేశారు. నేను నా గదిలోని ప్లాస్టిక్ ఆపిల్ కథ చెబుతున్నాను. అందరూ నవ్వుతున్నారు. చెంచా దాని పని అది చేసుకుపోతోంది.

ఎదురుగా మేనేజరు కీర ముక్క నములుతూ నిలబడి ఉన్నారు. ఆయన నవ్వడం లేదు. నా కథ అయ్యేదాకా మర్యాదగా ఆగి, చెయ్యి చాపి, నా ప్లేటు మెల్లగా తన వైపు లాక్కున్నారు.

"మేడమ్, ఈ ప్లేటులో మీది ఎంత?"

"ఒక ముక్క," అన్నాను.

నిజాయితీగానే అన్నాను.